నియమం, చూపు, పోరు: విరాటపర్వ మల్లరంగం వెలుగులో 'స్ట్రీట్ ఫైటర్' క్రీడామాలిక పరిశీలన

వ్యాససంగ్రహం

పోరు ఎప్పుడు ఆట అవుతుంది? ఆట అయిన తరవాత కూడా అందులో మిగిలిపోయే అన్యాయం ఏమిటి? ఈ రెండు ప్రశ్నలతో జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ సంస్థ రూపొందించిన 'స్ట్రీట్ ఫైటర్' వీడియో క్రీడామాలికను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నెల్లూరి సీమలో పుట్టిన రెండు పోరు కథనాలు, అంటే తిక్కన తెలుగు చేసిన విరాటపర్వంలోని జీమూతమల్లుని ఘట్టం, ఖడ్గతిక్కన కథ, ఈ పరిశీలనకు కొలమానాలు. ఈ క్రీడామాలిక గొప్పతనం దాని నియమాల్లో ఉందనీ, లోపం దాని చిత్రణలో ఉందనీ, ఈ రెంటినీ విడదీసి చూడడమే విమర్శ చేయవలసిన పని అనీ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పోరాట క్రీడ, మల్లరంగం, విరాటపర్వం, వీరరసం, ప్రేక్షకుడు, ధాల్సిమ్

1. ప్రవేశిక

తెలుగు సాహిత్య విమర్శకు పోరు కొత్త వస్తువు కాదు. పల్నాటి వీరచరిత్ర, కాటమరాజు కథ, బొబ్బిలి కథ వంటి వీరగాథలు చరిత్ర దృష్టితోనూ జానపద విజ్ఞాన దృష్టితోనూ విస్తృతంగా పరిశీలనకు వచ్చాయి. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తరవాత కోడిపందెం, పొట్టేళ్ళ పోరు వంటి వినోదాలు కూడా పరిశోధనకు అర్హమైన విషయాలే అయ్యాయి. అయితే 1990ల నుంచి తెలుగు పట్టణాల్లో ఒక తరం బాల్యంలో భాగమైన వీడియో పోరాట క్రీడకు ఈ పరంపరలో తగిన చోటు దక్కలేదు. అది పిల్లల కాలక్షేపం అన్న తేలికభావం ఒక కారణం. అందులో పాఠం అనదగినది ఏమీ లేదన్న అభిప్రాయం రెండో కారణం.

రెండో అభిప్రాయమే విచారించదగింది. వీడియో క్రీడలో కథ స్వల్పం, సంభాషణ స్వల్పం. వాటిని బట్టి దాన్ని అంచనా కట్టడం, రాగతాళాలను వదిలి కీర్తనను సాహిత్యంతో మాత్రమే తూచడం వంటిది. పోరాట క్రీడలో అర్థం నియమాల్లో ఉంటుంది. ఏ కదలిక దేనిని గెలుస్తుంది, ఏ ఎడంలో ఎవరిది పైచేయి, ఓడినవాడికి ఏమి మిగులుతుంది అన్నవే అందులో వాక్యనిర్మాణం. ఈ దృష్టితో చూసినప్పుడు మన సాహిత్యంలోని పోరు వర్ణనలకూ ఈ కొత్త రూపానికీ నడుమ సార్థకమైన పోలికలు, అంతకంటె సార్థకమైన భేదాలు కనిపిస్తాయి.

2. నెల్లూరి సీమ: రణరంగం, మల్లరంగం

పోరుకూ పోరాట క్రీడకూ గల తేడాను తేల్చడానికి నెల్లూరి సీమ రెండు కథనాలను అందించింది. రెండింటికీ 13వ శతాబ్దపు విక్రమసింహపురితో సంబంధం ఉంది.

మొదటిది ఖడ్గతిక్కన కథ. ఇతడు కవి తిక్కనకు జ్ఞాతి. కాటమరాజు కథాచక్రంలో నెల్లూరి ప్రభువు నల్లసిద్ధికీ, ఆలమందలతో మేతకు వచ్చిన కాటమరాజుకూ పుల్లరి విషయంలో తగవు వచ్చి, అది ఎర్రగడ్డపాటి పోరుకు దారితీసింది. నెల్లూరి పక్షాన కత్తి పట్టిన తిక్కన ఒకసారి రణం నుంచి వెనుదిరిగి ఇల్లు చేరాడు. భార్య చానమ్మ మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచి, ఆడవారికి పెట్టినట్లు స్నానానికి నీళ్ళు పెట్టింది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించింది. అతడు తిరిగి రణానికి వెళ్ళి ప్రాణం విడిచాడు. ఈ కథ చాటుపద్య సంప్రదాయంలో నిలిచిపోయింది. ఇందులో వెనుకంజ అవమానం, ఓటమి మరణం. రెండో అవకాశమంటూ ఒకటి ఉంటే అది చావడానికి దొరికిన అవకాశమే.

రెండోది విరాటపర్వంలోని మల్లయుద్ధం. తిక్కన భారత రచనను ప్రారంభించిన పర్వం ఇదే. వానలు కురవాలని తెలుగు ఊళ్ళలో చదివించుకున్న పర్వమూ ఇదే. విరాటుని కొలువులో పాండవులు అజ్ఞాతవాసం గడుపుతున్నారు. భీముడు వలలుడనే పేరుతో వంటశాలలో ఉన్నాడు. ఉత్సవ సమయంలో వచ్చిన మల్లుల్లో జీమూతునికి ఎదురు నిలిచేవారు లేకపోగా, రాజు వంటవానిని గోదాలోకి దింపుతాడు. భీముడికి ఇది కత్తిమీద సాము. గెలవకపోతే పరువు దక్కదు. అసలు బలమంతా చూపితే గుట్టు దక్కదు. వీరరసానికి స్థాయి ఉత్సాహం. ఇక్కడ ఆ ఉత్సాహం గోపనంతో ముడిపడి ఉంది. ఈ ముడిలోనే ఘట్టం సొగసు ఉంది.

ఈ గోదాకు ఆట లక్షణాలు చాలా ఉన్నాయి. హద్దు గల స్థలం ఉంది. ఇద్దరే యోధులు, ఇద్దరి చేతుల్లోనూ ఆయుధాలు లేవు. ప్రేక్షకులున్నారు. బహుమానం ఉంది. అయినా ఒక లక్షణం లోపించింది. ఓడిన జీమూతుడు బతికి బయటపడడు. వ్యాసమూలం ఇంకొక అడుగు ముందుకు వేసింది. సాటి మల్లులు కరవైనప్పుడు రాజు భీముడిచేత పులులతో, సింహాలతో, ఏనుగులతో పోరాడించాడు, అంతఃపురకాంతల వినోదం కోసం కూడా ఆడించాడు. కీచకుని చేత అవమానం పొందిన ద్రౌపది భీముని ఎదుట తన దుఃఖం వెళ్ళబోసుకునేటప్పుడు ఆ దృశ్యాన్ని తలచుకుంటుంది. మృగాలతో అతడు పెనగులాడుతుంటే రాణి సుదేష్ణ ముచ్చటగా చూస్తూ ఉండేదనీ, తాను మాత్రం తట్టుకోలేకపోయేదాన్ననీ, అది గమనించి సుదేష్ణ తనకూ ఆ వంటవానికీ ఏదో సంబంధం అంటగట్టిందనీ చెబుతుంది.

ఒకే పోరు, రెండు చూపులు. ఒకరికి వినోదం, ఒకరికి గుండెకోత. పోరును ఆటగా మలిచే క్రమంలో ఎవరు చూస్తున్నారు, చూడబడుతున్నది ఎవరు అనే ప్రశ్న ఎంత ముఖ్యమో ఈ ఘట్టం చెబుతుంది. వీడియో పోరాట క్రీడను తూచవలసిన తక్కెడ కూడా ఇదే.

3. చూసేవారి మాటగా పోరు

భారతీయ నాట్యశాస్త్రం పోరును రంగస్థలం మీద చూపడానికి జంకింది. యుద్ధం, వధ వంటివి ప్రత్యక్షంగా ప్రదర్శించరాదని దశరూపకం నియమించింది. భాసుని 'ఊరుభంగం'లో భీమదుర్యోధనుల గదాయుద్ధాన్ని ప్రేక్షకుడు కంటితో చూడడు. ముగ్గురు భటులు చూసి చెబుతుంటే వింటాడు. తెలుగులో వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం' వీథి రూపకం. అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కోడిపోరునూ పొట్టేళ్ళ పోరునూ చూస్తారు. పాఠకుడికి దక్కేది వారి మాట. మన సాహిత్యంలో పోరు ప్రధానంగా చూసేవాని అనుభవం. పోరాడేవాని చేతిలోని అనుభవం కావ్యానికి అంత సులభంగా అందలేదు.

సినిమా ఈ కట్టుబాటును సడలించింది. 1963 నాటి 'నర్తనశాల'లో బరువులెత్తే క్రీడలో పేరుగాంచిన దండమూడి రాజగోపాలరావు భీమపాత్ర ధరించడం వల్ల పోరుకు నిజమైన కండబలం తోడైంది. అయినా ప్రేక్షకుడు ప్రేక్షకుడిగానే మిగిలాడు. పోరు ఫలితం ముందే నిర్ణయమై ఉంది. వీడియో పోరాట క్రీడ తెచ్చిన మౌలికమైన మార్పు ఇక్కడే ఉంది. చూపు చేతికి దిగింది. ఫలితం ముందుగా ఎవరికీ తెలియదు. వర్ణన స్థానంలో నిర్ణయం వచ్చింది.

4. క్రీడామాలిక చరిత్ర: సమత్వం కోసం వెదుకులాట

యంత్రంపై ఇద్దరు తలపడే ఆటలు 'స్ట్రీట్ ఫైటర్'కు ముందే ఉన్నాయి. 1976లో సెగా బాక్సింగ్ ఆట 'హెవీవెయిట్ చాంప్', 1984లో డేటా ఈస్ట్ 'కరాటే చాంప్', 1985లో కొనామి 'యీ ఆర్ కుంగ్‌ఫూ' వచ్చాయి. 1987లో తకాషి నిషియామా దర్శకత్వంలో క్యాప్‌కామ్ మొదటి 'స్ట్రీట్ ఫైటర్'ను విడుదల చేసింది. అందులో ఒక ఆటగాడు ర్యూగా, ఎదుటివాడు కెన్‌గా ఆడాలి. ఇద్దరి విద్యలూ దాదాపు ఒకటే. ఎవరికీ అన్యాయం జరగకూడదంటే ఇద్దరికీ ఒకే బలం ఇవ్వడం తేలికైన మార్గం. ఆ ఆట ఆ మార్గంలోనే నడిచింది.

1991లో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ 2' ఈ మార్గాన్ని విడిచింది. అకీరా నిషితాని, అకీరా యసుదా రూపకల్పన చేసిన ఈ ఆటలో ఎంచుకోవడానికి ఎనిమిదిమంది యోధులున్నారు. ర్యూ, కెన్, చున్‌లీ, గైల్, బ్లాంకా, జాంగీఫ్, హోండా, ధాల్సిమ్. ఒకరి బలం వేగం, ఒకరి బలం పట్టు, ఒకరి బలం నిడివి. అందరికీ ఒకే సామర్థ్యం ఇవ్వకుండా, వేర్వేరు సామర్థ్యాలను ఒకదానికొకటి సరితూగేలా అమర్చే ప్రయత్నం ఇది. సామ్యం ద్వారా వచ్చే సమత్వానికి బదులు వైవిధ్యం ద్వారా వచ్చే సమత్వాన్ని ఈ ఆట వెదికింది. ఆ తరవాతి చరిత్ర అంతా ఈ వెదుకులాటకు సాగిన సవరణల పరంపరే.

1992 నాటి 'చాంపియన్ ఎడిషన్' ఇద్దరూ ఒకే యోధుడిని ఎంచుకునే వీలు కల్పించింది, అంతకుముందు యంత్రం మాత్రమే ఆడించిన నలుగురు ప్రతినాయకులనూ ఆటగాళ్ళ చేతికిచ్చింది. అనుమతి లేకుండా మార్చిన యంత్రాలు ప్రచారంలోకి వచ్చిన నేపథ్యంలో అదే ఏడాది 'హైపర్ ఫైటింగ్' ఆట వేగాన్ని పెంచింది. 1993లో మరో నలుగురు యోధులు చేరారు. 1994 నాటి 'సూపర్ టర్బో' మహాప్రయోగాలను ప్రవేశపెట్టింది. 1997లో మొదలైన మూడో మాలిక, ఎదుటి దెబ్బను సరిగ్గా ఆ క్షణంలో ముందుకు నెట్టి తోసిపుచ్చే విద్యను తెచ్చింది. తరవాత 2008, 2016, 2023 సంవత్సరాల్లో నాలుగు, అయిదు, ఆరో ఆటలు వచ్చాయి. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో అయిదో ఆట పతకాంశమైంది. భారత క్రీడాకారులు కూడా అందులో తలపడ్డారు. వీధి దుకాణంలో నాణెంతో మొదలైన పోరు దేశాల పతాకాల కిందికి చేరింది.

ఈ చరిత్రలో సాహిత్య విద్యార్థి గమనించదగిన ఒక సంఘటన ఉంది. రెండో ఆట నిర్మాణంలో ఉండగా, కారును బద్దలుకొట్టే అదనపు ఘట్టాన్ని పరీక్షిస్తూ నోరిటాకా ఫునమిజు ఒక వింత గమనించాడు. ఒక దెబ్బ తగిలి ఎదుటిది తేరుకునేలోపు మరో దెబ్బ జొప్పించవచ్చు. అది ఉద్దేశించినది కాదు. సాధించడం చాలా కష్టం గనక దాన్ని తొలగించకుండా వదిలేశారు. గొలుసుకట్టు దెబ్బలనే ఆ ప్రక్రియ తరవాత పోరాట క్రీడలన్నిటికీ ప్రాణమైంది. వ్యాకరణం అనుమతించని ప్రయోగం వాడుకలో నిలబడి, కాలక్రమంలో తానే సూత్రమైపోవడం భాషాచరిత్రలో పరిచితమైన విషయమే. ఇక్కడ శిష్టప్రయోగాన్ని నిర్ణయించింది ఆటగాళ్ళు.

5. క్రీడా నిర్మాణం: ఎడం, కాలం, ఎదుటి మనసు

యంత్రం ముందు ఒక్కొక్కరికి ఎనిమిది దిక్కులకు కదిలే ఒక పిడి, ఆరు మీటలు ఉంటాయి. మూడు మీటలు గుద్దుకు, మూడు తన్నుకు. ఒక్కొక్కటి తేలిక, మధ్యమం, బలం అనే మూడు స్థాయిల్లో పనిచేస్తుంది. తేలిక దెబ్బ త్వరగా పడుతుంది, తక్కువ నష్టం చేస్తుంది. బలమైన దెబ్బ ఆలస్యంగా పడుతుంది, గురి తప్పితే కొట్టినవాడినే ఎదుటివాడికి అప్పగిస్తుంది. పై భాగంలో ఇద్దరి జీవశక్తినీ చూపే రెండు పట్టీలు, నడుమ 99 నుంచి తగ్గుతూ వచ్చే గడియారం. మూడు విడతల్లో రెండు గెలిచినవాడు విజేత. దృశ్యం సెకనుకు 60 చిత్రాలుగా సాగుతుంది. దెబ్బ ఎన్నో చిత్రం దగ్గర తగులుతుంది, ఎన్నో చిత్రం దాకా కొట్టినవాడు నిస్సహాయుడు అన్న లెక్క మీద ఈ పోరు శాస్త్రమంతా ఆధారపడి ఉంటుంది.

అన్నిటికంటె ఆలోచింపజేసేది కాపు నియమం. ఇందులో దెబ్బ కాచుకోవాలంటే పిడిని వెనక్కి లాగాలి. రణరంగంలో ఖడ్గతిక్కనకు తలవంపులు తెచ్చిన వెనుకంజ ఈ ఆటలో ప్రాథమిక విద్య. వెనక్కి తగ్గడం తెలియనివాడు ఇందులో నిలవలేడు. అయితే ఎల్లప్పుడూ కాచుకుని కూర్చోవడం కూడా కుదరదు. కాచుకున్నవాడిని దగ్గరికి వెళ్ళి పట్టుకుని విసిరేయవచ్చు. పట్టడానికి వచ్చేవాడిని దెబ్బతో ఆపవచ్చు. దెబ్బను కాపుతో నిరర్థకం చేయవచ్చు. దెబ్బ పట్టును గెలుస్తుంది, పట్టు కాపును గెలుస్తుంది, కాపు దెబ్బను గెలుస్తుంది. ఈ త్రికంలో ఏదీ సర్వోత్తమం కాదు. ఏది సరైనదో ఎదుటివాడి తరవాతి ఆలోచన నిర్ణయిస్తుంది. పట్టు, విడుపు తెలియాలని కుస్తీ గోదాలో వస్తాదులు చెప్పే మాటకు ఇది గణితరూపం.

ర్యూ చేతిలోని రెండు విద్యలు దీనికి మంచి ఉదాహరణ. పిడిని కిందికి, అక్కడి నుంచి ముందుకు వంపుగా తిప్పి గుద్దు మీట నొక్కితే చేతుల్లోంచి శక్తిగోళం నేల వెంబడి దూసుకుపోతుంది. దాని పేరు హడోకెన్. ముందుకు, కిందికి, మళ్ళీ వాలుగా ముందుకు తిప్పి నొక్కితే పైకెగసే గుద్దు. దాని పేరు షోర్యూకెన్. గోళం పదే పదే వస్తుంటే ఎదుటివాడు కాచుకుని కాచుకుని విసిగి, దాని మీదుగా దూకాలనుకుంటాడు. అతడు దూకే క్షణం కోసమే ర్యూ కాచుకుని ఉంటాడు. గాలిలో ఉన్నవాడు కాచుకోలేడు. పైకెగసే గుద్దు తగులుతుంది. ఇక్కడ గెలిచింది గుద్దు కాదు. ఎదుటివాడికి దూకాలనే కోరిక పుట్టించిన ఓర్పు. అయితే ఎదుటివాడు దూకకపోతే ఎగసిన గుద్దు వృథా అయి, దిగివచ్చేదాకా ర్యూ అతని దయమీద ఉంటాడు. ఇద్దరూ ఇదంతా ఎరిగే ఆడతారు. ఎదుటివాడు ఏమనుకుంటున్నాడని తాను అనుకుంటున్నానో ఎదుటివాడు కూడా ఊహిస్తున్నాడు. పోరు రెండు దేహాల మధ్య కనిపిస్తుంది, రెండు ఊహల మధ్య జరుగుతుంది.

కోడిపందెంతో ఈ ఆటకు ఒక పోలిక ఉంది. పందెగాళ్ళ వాడుకలో కాకి, డేగ, నెమలి, పర్ల వంటి రంగుపేర్లు ఉన్నాయి. ఏ పూట ఏ రంగు దేనిని గెలుస్తుందో చెప్పడానికి కుక్కుటశాస్త్రమే పుట్టింది. ఎవరిమీద ఎవరిని దింపాలన్న ఈ లెక్క వీడియో పోరులోనూ ఉంది. భేదం మాత్రం గొప్పది. బరిలో పందెగాని తెలివికి మూల్యం కోడి రక్తం. యంత్రం ముందు ఓడినవాడికి పోయేది ఒక నాణెం, ఆ పూట వరుస. గెలిచినవాడు యంత్రం దగ్గరే నిలుస్తాడు, ఓడినవాడు మరో నాణెంతో మళ్ళీ రావచ్చు. జీమూతునికి దక్కని మలి అవకాశం ఇక్కడ అందరికీ ఉంది. 1992లో వచ్చిన 'మోర్టల్ కాంబాట్' ఓడినవాడి వధను కూడా వినోదంగా చూపి, 1993 డిసెంబరులో అమెరికా సెనేట్ విచారణ దాకా వెళ్ళింది. 'స్ట్రీట్ ఫైటర్' ఓడినవాడి వాచిన ముఖం చూపి ఆగింది. దశరూపకకారుని నిషేధానికి పూర్తిగా లొంగకపోయినా, వధను దాటకుండా నిలిచిన ఔచిత్యం ఇందులో ఉంది.

6. ధాల్సిమ్: నియమం ఇచ్చినది, బొమ్మ లాక్కున్నది

ఎనిమిదిమంది యోధుల్లో భారతీయుడు ధాల్సిమ్. ఇతడు యోగి. చేతులు, కాళ్ళు సాగదీసి దూరం నుంచే కొడతాడు, నోటినుంచి నిప్పు ఊదుతాడు. బట్టతల, మెడలో పుర్రెల దండ. ఇతని పోరుస్థలంలో ఇరువైపులా ఏనుగులు, వెనుక గోడమీద గణపతి రూపం. తపస్సు, గారడి, కాపాలికం, దేవాలయం అన్నీ కలిపి ఒకే మూసలో పోసిన భారతదేశం ఇది. ఆ పుర్రెలు తన ఊరిలో తెగులు సోకి చనిపోయిన పిల్లలవని ఆటకు చెందిన కథనం సమర్థిస్తుంది. ఆ సమర్థన ఆడేవారి చెవికి చేరదు. బొమ్మ మాత్రం కంటికి చేరుతుంది. 

ఇతర దేశాలకూ ఇందులో న్యాయం జరగలేదన్నది నిజమే. బ్రెజిల్‌కు దక్కినది ఆకుపచ్చని వనమృగం వంటి బ్లాంకా. సోవియట్ దేశానికి దక్కినది ఎలుగుబంట్లతో పెనగిన గాయాల జాంగీఫ్. ఆటలో ప్రపంచ పటం మీద విమానం ఎగురుతూ ఒక్కొక్క దేశానికి చేరుతుంది, ప్రతి దేశమూ ఒక్క దేహంగా కుదించుకుపోతుంది. అయితే కుదింపుల్లోనూ తరతమభేదం ఉంది. జపాన్ ప్రతిలో ఒక ముష్టియోధుడి రూపం, పేరు అమెరికా బాక్సర్ మైక్ టైసన్‌ను గుర్తుకు తెస్తాయి. చట్టపరమైన చిక్కు వస్తుందన్న జాగ్రత్తతో జపాన్ వెలుపల విడుదల చేసిన ప్రతుల్లో ముగ్గురు ప్రతినాయకుల పేర్లను తారుమారు చేశారు. ఒక వ్యక్తి పోలికకు దక్కిన ఆ జాగ్రత్త ఒక సంస్కృతి పోలికకు దక్కలేదు. తన బొమ్మపై అభ్యంతరం చెప్పగల స్థోమత ఎవరికి ఉందన్నదే బొమ్మ తీరును నిర్ణయించింది.

ఇదే ధాల్సిమ్‌ను నియమాల వైపు నుంచి చూస్తే వేరొక మూర్తి కనిపిస్తుంది. ఇతని నడక నెమ్మది, దగ్గరి పోరులో బలహీనత. బలమంతా ఎడంలో ఉంది. ఎదుటివాడిని తనకు అనువైన దూరంలో నిలిపి ఉంచగలిగితేనే గెలుపు. ఒక సాగు దెబ్బ తొందరపడి వేస్తే సాచిన చేయి వెనక్కి వచ్చేలోపు శత్రువు మీదికి వస్తాడు. 'హైపర్ ఫైటింగ్'లో చేరిన మాయమై మరోచోట తేలే విద్య కూడా స్థలాన్ని గెలిచే ఉపాయమే. ఇతనితో ఆడడానికి ఆవేశం పనికిరాదు. ముందుచూపు, నిగ్రహం, ఎదుటివాడి అడుగుల లెక్క కావాలి. పక్కకు చేరితే పట్టి తిప్పి నేలకేసి కొట్టే జాంగీఫ్‌తో ఇతని పోరు ఈ ఆటలోని ఉత్తమ ఘర్షణల్లో ఒకటి. ఒకరిది చేరువ కోసం తపన, ఒకరిది దూరం కోసం తపన. యోగం అనే మాటకు బొమ్మ ఇచ్చిన అర్థం గారడి. నియమం ఇచ్చిన అర్థం నిగ్రహం. రెండో అర్థం ఆ మాటకు దగ్గర.

ధాల్సిమ్ కథలో మరో విశేషం ఉంది. స్వభావం చేత ఇతడు శాంతికాముడు. పేదలైన తన ఊరివారి కోసం ధనం సంపాదించడానికి పోరులోకి దిగాడని కథనం. ఇష్టం లేని పోరును ఇతరుల కోసం తలకెత్తుకున్నవాడు, ఆ పోరులో ఇతరుల వినోదానికి వస్తువైనవాడు. విరాటుని కొలువులోని వలలుడు ఇక్కడ గుర్తుకు రాకమానడు. తేడా ఒక్కటే. భీముని దురవస్థను చూసి తల్లడిల్లడానికి ఆ సభలో ద్రౌపది ఉంది. ధాల్సిమ్ పోరు చుట్టూ అలాంటి చూపు ఒక్కటీ లేదు. కావ్యం వినోదాన్ని చూపుతూ, ఆ వినోదానికి ఎవరు మూల్యం చెల్లిస్తున్నారో కూడా చూపింది. ఆట వినోదాన్ని మాత్రమే చూపింది. 2016 నాటి అయిదో ఆటలో ధాల్సిమ్ గడ్డం, తలపాగాతో పెద్దమనిషిగా కనిపిస్తాడు. రూపం కొంత మారింది. మూస మాత్రం పూర్తిగా కరగలేదు.

7. వేషం వెనుక మనిషి: తెలిసిన చూపు

వలలుని వేషంలో భీముడు ఉన్నట్లే, తెరమీది యోధుని వెనుక ఆడే మనిషి ఉంటాడు. సభలో చాలామందికి గోదాలో కనిపించినది వంటవాడు. ద్రౌపదికీ అన్నదమ్ములకూ కనిపించినది భీముడు. తెలిసిన చూపుకూ తెలియని చూపుకూ గల ఈ తేడా వీడియో పోరులోనూ ఉంది. తెలియనివారికి అది రంగుబొమ్మల కొట్లాట. తెలిసినవారికి ఇద్దరు మనుషుల వాదన.

2004లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగిన 'ఎవో' పోటీ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. మూడో మాలికలోని 'థర్డ్ స్ట్రైక్' ఆటలో జపాన్‌కు చెందిన డైగో ఉమెహరా కెన్‌తోనూ, అమెరికాకు చెందిన జస్టిన్ వాంగ్ చున్‌లీతోనూ తలపడ్డారు. ఉమెహరా జీవశక్తి పట్టీ దాదాపు ఖాళీ. మహాప్రయోగాన్ని కాచుకున్నా ఆ కొద్దిపాటి నష్టానికే ఓటమి తప్పదు. వాంగ్ మహాప్రయోగం చేశాడు. వరుసగా వచ్చే 15 దెబ్బలనూ ఉమెహరా ఒక్కొక్కటిగా, దెబ్బ తగిలే క్షణానికి పిడిని ముందుకు నెట్టి తోసిపుచ్చాడు. ఆ వెంటనే తన గొలుసు దెబ్బలతో విడత గెలిచాడు. మొదటి దెబ్బను తోసిపుచ్చాలంటే ప్రయోగం మొదలయ్యే క్షణాన్ని ముందే పసిగట్టాలి. చుట్టూ ఉన్నవారి కేరింతలు ఆ దృశ్యముద్రణలో వినిపిస్తాయి. ఆ పోటీలో చివరి విజేత ఉమెహరా కాడు. జనం గుర్తుంచుకున్నది మాత్రం ఆ విడతనే.

అక్కడ కేరింత కొట్టినవారు సుదేష్ణ చూసినట్లు చూడలేదు. వారందరూ ఆ నియమాలను చేతులారా ఎరిగినవారు. ఏది అసాధ్యమో తెలుసు గనకనే సాధ్యమైనప్పుడు పరవశించారు. అలంకారశాస్త్రం సహృదయుడు అన్న మాటకు చెప్పే లక్షణం ఇదే. కావ్యానుశీలనం వల్ల నిర్మలమైన మనసు కలవాడే రసాన్ని అందుకోగలడు. ఆట కూడా అనుశీలనం లేనివారికి తలుపు తీయదు. అనుశీలనం ఉన్నవారి విషయంలో వీరరసానికి స్థాయి అయిన ఉత్సాహం, చూసేవారికీ ఆడేవారికీ ఉమ్మడి సొత్తు అవుతుంది. కావ్యంలో పాఠకుడు, రంగస్థలంలో ప్రేక్షకుడు చేరుకోలేని మేర ఇది. ఇక్కడ సహృదయుడు మర్నాడు అదే పిడి పట్టి తానే ప్రయత్నించగలడు.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. పోరును ఆటగా మలిచేది ఆయుధం లేకపోవడమో, హద్దు గీయడమో కాదు. ఓడినవాడు మళ్ళీ నిలబడే వీలు ఉండడం, వెనుకంజ అవమానం కాకపోవడం ఆటకు జీవలక్షణాలు. ఖడ్గతిక్కనకూ జీమూతునికీ దక్కని ఈ రెండూ 'స్ట్రీట్ ఫైటర్' నియమాల్లో ఉన్నాయి. రెండోది, భిన్నమైన సామర్థ్యాల మధ్య సమత్వం సాధించాలన్న ప్రయత్నం ఈ మాలికకు కళాగౌరవం తెచ్చింది. మూడోది, నియమంలో సాధించిన సమత్వం బొమ్మలో సాధ్యం కాలేదు. ధాల్సిమ్ ఆటగాని చేతిలో గౌరవం పొందాడు, చూపరి కంటిలో పొందలేదు.

ఆటను హింస అని తోసిపుచ్చేవారు నియమాన్ని చూడరు. ఆటను ఆటగానే చూడాలనేవారు బొమ్మను చూడరు. విమర్శకు రెండూ కావాలి. వంటవాని గెలుపుకు సభ చప్పట్లు కొడుతున్నప్పుడు, అదే పోరు ఒక స్త్రీకి దుఃఖమైందని మరవని కావ్యం తెలుగు పాఠకులకు నెల్లూరి నుంచే అందింది. కొత్త రూపాలను చూసేటప్పుడు కూడా ఆ రెండో చూపును వెంట ఉంచుకోవడం ఆ పాఠకులకు అలవాటైన పనే కావాలి.